బండి పొగ చెప్పే మాట

 

రోజూ మనం రాత్రి బడి గదిలో కూర్చుంటాం. ఇవాళ మొజంజాహీ మార్కెట్ ఆవరణలో కూర్చున్నాం. పైన గడియారం ఉంది. ఇప్పుడు టైమెంతో నేను చెప్పను. మీరే చూసి చెప్పండి. ఆరు నెలల కింద ఆ గడియారం మీకు ఒట్టి బొమ్మ. ఇవాళ అది మీకు మాట చెబుతోంది.

ఇవాళ ఇంకో మాట చదవడం నేర్చుకుందాం. అది పలక మీద ఉండదు, పుస్తకంలో ఉండదు. బండి వెనకాల ఉంటుంది. అదే పొగ.

పోయిన వారం మన బడికి వచ్చే ఒక అక్క నన్ను అడిగింది. "టీచరమ్మా, మేం సంఘం అప్పుతో పాత డీజిల్ పికప్ బండి కొందామనుకుంటున్నం. పెళ్లిళ్లకు వంట సామాను ఏసుకపోతం. వెనకాల జనరేటర్ బండి కట్టుకపోతం. కొనే ముందు నడిపి చూసినం. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే నల్లగ పొగ కక్కింది. డ్రైవరు ఏం కాదన్నడు. నిజంగ ఏం కాదా?" అంది.

అక్కకు అప్పుడు జవాబు చెప్పలేదు. "వచ్చే వారం అందరికీ చెబుతా" అన్నాను. ఎందుకంటే ఆ పొగతో మా ఇంటికి ఒక పాత లెక్క ఉంది. అది అందరూ వినాలి.

ఎద్దు నురగ కక్కితే

ఈ మార్కెట్ 1935లో కట్టారు. అప్పుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన. ఆయన రెండో కొడుకు మొజం జా పేరే దీనికి పెట్టారు. చాలా ఏళ్లు ఇక్కడ పండ్ల బజారు నడిచింది. తర్వాత పండ్ల బజారు కొత్తపేటకు పోయింది. 2021లో అక్కడి నుంచి బాటసింగారం పోయింది. ఈ రాతి కట్టడం పాతబడితే బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు.

బజారు ఎక్కడికి పోయినా బరువు మాత్రం ఎవరో ఒకరు లాగాల్సిందే. పూర్వం ఎద్దులు లాగేవి. ఎద్దుల బండి నడిపిన వాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లని అడగండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఎద్దు నోట నురగ కక్కితే ఏం చేసేవారు? బండి ఆపేవారు. చక్రం కింద రాయి పెట్టేవారు. కాడి దించి ఎద్దుకు ఊపిరి తీసుకోనిచ్చేవారు. కొరడా పట్టుకుని ఇంకా కొట్టేవాడిని ఊళ్లో అందరూ తిట్టేవారు.

ఇప్పుడు ఎద్దు బదులు ఇంజన్ వచ్చింది. ఇంజనుకు నోరు లేదు. నురగ కక్కదు. కానీ దానికీ ఆయాసం వస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు నల్లపొగ కక్కుతుంది. మనం చూసి కూడా "ఏం కాదులే" అంటాం.

మా చిన్నమ్మ కథ

మా చిన్నమ్మ వాళ్లకు ఒక పాత డీజిల్ పికప్ ఉండేది. మా చిన్నాయన నడిపేవాడు. వంట పాత్రలు, షామియానాలు, జనరేటర్ కిరాయికి ఇచ్చేవాళ్లు. జనరేటర్ చక్రాల బండి మీద ఉండేది. దాన్ని పికప్ వెనక కొక్కేనికి తగిలించి లాగేవాళ్లు. ఆ జనరేటర్ బండి ఒక్కటే దాదాపు టన్ను బరువు.

2014 కార్తీక మాసంలో శ్రీశైలంలో ఒక అన్నదానానికి పోయారు. తిరిగి వచ్చేటప్పుడు చిన్నమ్మ క్యాబిన్‌లో కూర్చుంది. తెల్లారితే హైదరాబాదులో పెళ్లి ఉంది. జనరేటర్ పొద్దున్నే అక్కడ ఉండాలి.

ఆ దారి మీలో కొందరికి తెలుసు. శ్రీశైలం డ్యాం దగ్గర కృష్ణ దాటాలి. దాటగానే ఘాట్ మొదలవుతుంది. మెలికలు మెలికలుగా దోమలపెంట దాకా ఎక్కాలి. ఆపైన నల్లమల అడవి. అడవి గేటు రాత్రి 9 గంటలకు మూస్తారు. మళ్లీ పొద్దున 6 గంటలకు గానీ తెరవరు. గేటు మూసేలోపు చేరాలని చిన్నాయన తొందర.

బండిలో పాత్రలు, గ్యాస్ సిలిండర్లు, నలుగురు మనుషులు. వెనకాల జనరేటర్. చిన్నాయన కాలు యాక్సిలేటర్ మీద నుంచి తీయలేదు. చిన్న గేరు వేస్తే బండి మెల్లగా పోతుందని పెద్ద గేరులోనే తొక్కాడు. చిన్నమ్మ అద్దంలో వెనక్కి చూసింది. జనరేటర్ కనిపించడం లేదు. అంతా నల్లపొగ. కాసేపటికి బండి గుంజడం తగ్గింది. చిన్నాయన ఇంకా గట్టిగా తొక్కాడు. పొగ ఇంకా పెరిగింది. టక టక అని చప్పుడు మొదలైంది. ఒక మెలిక దగ్గర ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ కాలేదు.

ఆ రాత్రి వాళ్లు రోడ్డు పక్కనే ఉన్నారు. పెళ్లి కిరాయి పోయింది. అడ్వాన్సు వాపసు ఇచ్చారు. బండిని ఇంకో బండితో గుంజుకొచ్చారు. మెకానిక్ ఇంజన్ విప్పి ఒక పిస్టన్ చేతిలో పెట్టాడు. దాని అంచు కరిగిపోయింది, ఎలుక కొరికిన రొట్టె లాగా. బాగు చేయడానికి 80 వేలు అయింది. బండి అప్పు కిస్తులు ఇంకా ఉన్నాయి. చిన్నమ్మ గాజులు తాకట్టుకు పోయాయి.

చిన్నమ్మ నాతో ఒక మాట అంది. అది నేను మరిచిపోలేదు. "పొగ నేను సూసిన బిడ్డా. ఆపమందామనుకున్న. బండి సంగతి నాకేం ఎర్క, అంటే కోపమైతడేమో అని ఊకున్న. అప్పు మాత్రం ఇద్దరి పేరు మీద ఉండె."

అక్కలారా, ఇవాళ నా పాఠం ఈ మాట కోసమే. అప్పు కాగితం మీద మన సంతకం ఉంటే, బండి సంగతి కూడా మనకు తెలియాలి. తెలుసుకోవడం కష్టం కాదు. వంట చేసేవాళ్లకు అసలే కష్టం కాదు. ఎందుకో చూడండి.

ఇంజన్ లోపలి పొయ్యి

ఇంజన్ అంటే లోపల పొయ్యి ఉన్న యంత్రం. లోపల ఇనుప గొట్టం ఉంటుంది. దాన్ని సిలిండర్ అంటారు. అందులో పైకీ కిందికీ ఆడే ముద్ద పిస్టన్. అది ఎక్కువగా అల్యూమినియంతో చేస్తారు. మన గిన్నెలు చేసే లోహమే. అయితే గట్టిపడటానికి వేరేవి కలుపుతారు.

సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కుతుంది. పట్టుకుని చూశారా? గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజన్ పనిచేసేది దీని మీదే. పిస్టన్ గాలిని చాలా గట్టిగా నొక్కుతుంది. గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు సన్నని రంధ్రాల నుంచి డీజిల్ తుంపర లోపలికి వస్తుంది. అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. ఆ మంట పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపుతోనే చక్రం తిరుగుతుంది. కాలిపోయిన గాలి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. అదే పొగ.

ఈ ఇంజన్ చేసినాయన జర్మనీ దేశస్తుడు రుడాల్ఫ్ డీజిల్. 1897లో ఇది బాగా నడిచింది. 1900లో పారిస్ నగరంలో పెద్ద ప్రదర్శన జరిగింది. అక్కడ ఇట్లాంటి ఒక చిన్న ఇంజన్‌ను పల్లీ నూనెతో నడిపి చూపించారు. మనం పూరీలు వేయించే పల్లీ నూనెతోనే!

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పొయ్యికి కట్టెలూ కావాలి, గాలీ కావాలి. ఇంజనుకు డీజిల్ కావాలి, గాలి కావాలి. ఎంత గాలి? 1 కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14న్నర కిలోల గాలి కావాలి. గాలికి బరువేముంటుంది అనుకోకండి. 14న్నర కిలోల గాలి అంటే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు 12 నింపినంత. అది కూడా తక్కువలో తక్కువ. ఇంజన్ హాయిగా నడవాలంటే ఇంకా ఎక్కువ గాలి కావాలి.

యాక్సిలేటర్ తొక్కితే ఏం పెరుగుతుంది? డీజిల్ పెరుగుతుంది. గాలి అంతే పెరగకపోతే డీజిల్ సగం సగం కాలుతుంది. కాలని మసి నల్లగా బయటికి వస్తుంది. కిరోసిన్ స్టవ్ వత్తి మరీ పెంచితే గిన్నె మసి పడుతుంది కదా! అదే ఇది.

గాలి ఎక్కువైతే వేడి తక్కువ

మీరు అడగొచ్చు. "పొయ్యి ఊదితే మంట పెరుగుతుంది. గాలి ఎక్కువైతే ఇంజన్ ఇంకా వేడెక్కదా?" అని.

మంచి ప్రశ్న. ఇట్లా ఆలోచించండి. రెండు ఒకేలాంటి పొయ్యిలు ఉన్నాయి. రెండింటి కిందా ఒకటే మంట. ఒకదాని మీద గ్లాసెడు నీళ్లు పెట్టారు. ఇంకోదాని మీద బిందెడు నీళ్లు పెట్టారు. ఐదు నిమిషాల తర్వాత ఏవి ఎక్కువ వేడిగా ఉంటాయి? గ్లాసెడు నీళ్లే. బిందెలో వేడి చాలా నీళ్లకు పంచుకుపోతుంది.

డీజిల్ ఇంజన్‌లో గాలి ఆ బిందెడు నీళ్ల లాంటిది. అంతే డీజిల్ కాలినా, గాలి ఎక్కువ ఉంటే వేడి పంచుకుపోతుంది. పొగ చల్లబడుతుంది. గాలి తక్కువైతే పొగ వేడెక్కుతుంది. కాబట్టి ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.

డీజిల్ పెరిగితే వేడి. గాలి పెరిగితే చల్లన.

పొగ ఎంత వేడెక్కుతుంది? నాలుగు అంకెలు చదవండి.

నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర.
గాలి నొక్కుడుకు వేడెక్కేది 500 డిగ్రీలు దాటి.
అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర.
బరువు లాగుతూ ఎత్తు ఎక్కే డీజిల్ ఇంజన్ పొగ 700 డిగ్రీల దాకా పోగలదు.

చూశారా! పొగ వేడి పిస్టన్ కరిగే వేడిని దాటిపోగలదు. మరి రోజూ ఎందుకు కరగడం లేదు? ప్రతి తిరుగుడుకూ చల్లని గాలి లోపలికి వస్తుంది. కింది నుంచి ఇంజన్ ఆయిల్ చల్లబరుస్తుంది. చుట్టూ రేడియేటర్ నీళ్లు తిరుగుతాయి. ఈ చల్లదనం చాలినంత సేపు పిస్టన్ బతుకుతుంది. పొగ వేడి చాలాసేపు తగ్గకపోతే చల్లదనం చాలదు. అప్పుడు అంచు కరుగుతుంది. మా చిన్నాయన బండికి అయింది ఇదే.

డ్రైవర్ ముందు వేడి చూపే ముల్లు ఒకటి ఉంటుంది. అది నీళ్ల వేడి చూపుతుంది. పొగ వేడి చూపదు. ఘాట్ ఎక్కేటప్పుడు పొగ వేడి నిమిషంలో పెరుగుతుంది. నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి. ముల్లు పైకి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోవచ్చు. అమెరికాలో పెద్ద పికప్ బండ్లతో ట్రెయిలర్లు లాగే వాళ్లు పొగ వేడి చూపే ఇంకో ముల్లు పెట్టించుకుంటారు. దాన్ని పైరోమీటర్ అంటారు. వాళ్ల లెక్కలో 1,250 దాటకుండా చాలామంది చూసుకుంటారు. మన లెక్కలో అది సుమారు 677 డిగ్రీలు. మన బండ్లకు మామూలుగా ఆ ముల్లు ఉండదు. మనకు ఉన్నవి కళ్లు, చెవులు. అవి చాలు.

బయలుదేరే ముందు

బియ్యం ఏరకుండా ఎసట్లో వేస్తామా? బండి తీసే ముందు కూడా నాలుగు చూడాలి.

మొదటిది బరువు. ఆర్.సి. కాగితం తీయండి. అందులో ఖాళీ బరువు, నిండు బరువు రాసి ఉంటాయి. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేయండి. మిగిలింది మనుషులతో కలిపి మనం ఎక్కించగల బరువు. నిండు బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకుందాం. ఎంత మిగిలింది? అవును, 1,200 కిలోలు. చూశారా, మనం నేర్చుకున్న తీసివేత ఇక్కడ పనికొచ్చింది. వెనక కట్టిన బండి బరువు ఈ లెక్కలో లేదు. కానీ ఇంజన్ దాన్నీ లాగాలి. అందుకే వెనక బండి కట్టిన రోజు పైన బరువు తగ్గించాలి. ఎంత లాగొచ్చో బండి కంపెనీ పుస్తకంలో చూడండి. లేకపోతే షోరూంలో అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

రెండోది ఎయిర్ ఫిల్టర్. ఇంజనుకు ముక్కు ఇదే. పిండి జల్లెడ లాగా దుమ్మును ఆపుతుంది. మన ఊళ్లో దుమ్ముకు కొదవ లేదు. జల్లెడ కళ్లు మూసుకుపోతే పిండి దిగదు. ఫిల్టర్ మూసుకుపోతే గాలి దిగదు. మా చిన్నాయన బండి ఫిల్టర్ తీస్తే దోసెడు మట్టి రాలింది. ఫిల్టర్ ధర తక్కువ. పిస్టన్ ధర ఎక్కువ. చిరిగిన ఫిల్టర్ అసలు వాడకూడదు. దుమ్ము లోపలికి పోతే ఇంజన్ అరిగిపోతుంది.

మూడోది టర్బో గొట్టాలు. ఇప్పటి పికప్ బండ్లలో చాలావాటికి టర్బో ఉంటుంది. అది చిన్న పంఖా లాంటిది. బయటికి పోయే పొగే దాన్ని తిప్పుతుంది. అది తిరిగి గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. దాని వేగం నిమిషానికి లక్ష తిరుగుళ్లు దాటుతుంది. అది తోసే గాలి రబ్బరు గొట్టాల్లో పోతుంది. గొట్టం చిట్లితే గాలి బయటికి పోతుంది. తొక్కినప్పుడు సర్‌మని ఈల వినిపిస్తుంది. బండి గుంజదు, పొగ వస్తుంది. ఆ ఈల వింటే గొట్టాలు చూపించండి.

నాలుగోది టైర్లలో గాలి. టైరు మెత్తబడితే బండి బరువుగా నడుస్తుంది. వెనక బండి టైర్లు కూడా చూడాలి. వాటిని అందరూ మరిచిపోతారు.

ఇంకో హెచ్చరిక. పాత బండ్లకు కొందరు మెకానిక్‌లు "పంపు పెంచుతా, బండి ఎగిరిపోతుంది" అంటారు. అంటే డీజిల్ ఎక్కువ పోసేలా తిప్పుతారు. డీజిల్ పెరుగుతుంది, గాలి పెరగదు. ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. మా చిన్నాయన బండికి శ్రీశైలం పోయే ముందే పంపు పెంచి ఇచ్చాడు ఒకాయన. మొదటి రెండు రోజులు బండి నిజంగానే ఎగిరింది. మూడో రోజు ఘాట్‌లో కూలబడింది.

ఎత్తు ఎక్కేటప్పుడు

బియ్యం మూట నెత్తిన పెట్టుకుని మెట్లు ఎక్కుతున్నారు. రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కుతారా, ఒక్కొక్కటే ఎక్కుతారా? ఒక్కొక్కటే. అడుగులు ఎక్కువ పడతాయి. కానీ ఒక్కో అడుగుకు బరువు తక్కువ. మోకాళ్లు నిలబడతాయి.

చిన్న గేరు అంటే చిన్న అడుగులు. ఇంజన్ ఎక్కువ సార్లు తిరుగుతుంది. ఎక్కువ గాలి పీలుస్తుంది. ఒక్కో తిరుగుడుకు తక్కువ డీజిల్ చాలు. పొగ వేడి తగ్గుతుంది. పెద్ద గేరు అంటే రెండేసి మెట్లు. ఇంజన్ మెల్లగా తిరుగుతూ గుడగుడమంటుంది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. వేడి పెరుగుతుంది.

కొందరు డ్రైవర్లు చిన్న గేరులో చప్పుడు ఎక్కువని భయపడతారు. చప్పుడు కాదు ముఖ్యం. పొగ ముఖ్యం. బండి గుంజలేక వణికేదాకా ఆగకూడదు. ఎత్తు మొదలవగానే గేరు తగ్గించాలి. అట్లాగని ఇంజన్ మరీ అరిచేలా కూడా తిప్పకూడదు. అన్నం మెత్తబడకుండా, పలుకు ఉండకుండా వండినట్టు, మధ్యలో ఉండాలి.

నల్లపొగ కనిపిస్తే కాలు కాస్త తీయాలి. పూర్తిగా కాదు, కాస్త. పొగ పలుచబడే దాకా. వేగం తగ్గితే తగ్గనీ. కాలు తీస్తే డీజిల్ తగ్గుతుంది, వేడి వెంటనే దిగుతుంది. క్యాబిన్‌లో ఏసీ ఉంటే ఆపేయండి. అది కూడా ఇంజన్ మీద బరువే.

అప్పటికీ పొగ తగ్గకపోతే? బండి గుంజకపోతే? వెడల్పాటి చోటు చూసి పక్కకు ఆపాలి. ముందు హ్యాండ్ బ్రేక్ వేయాలి. తర్వాత దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాలి. వెనక బండి పల్లానికి గుంజుతుంది. అందుకే రాయి మరవొద్దు. ఇంజన్ వెంటనే ఆపకుండా రెండు మూడు నిమిషాలు మెల్లగా తిరగనివ్వాలి. వెనక బండి మీద ఎవరూ కూర్చోకూడదు. దిగి చూసేటప్పుడు పిల్లలను సైలెన్సర్ దగ్గరికి రానివ్వకండి. కాలుతుంది.

చదునైన రోడ్డు మీద కూడా ఒక మాట. వేగం రెండింతలైతే ఎదురుగాలి అడ్డు నాలుగింతలవుతుంది. పైన కట్టిన తాడ్‌పత్రి వదులుగా కొట్టుకుంటుంటే ఇంకా అడ్డు. తాడు బిగించి కట్టండి. మెల్లగా పొమ్మనండి. డీజిల్ మిగులుతుంది, ఇంజన్ మిగులుతుంది, ప్రాణం మిగులుతుంది.

ఎక్కిన తర్వాత

ఎత్తు ఎక్కగానే చాయ్ హోటల్ కనిపిస్తుంది. డ్రైవర్ తాళం తిప్పి ఇంజన్ ఆపేస్తాడు. ఇది తప్పు. టర్బో అప్పుడు మండుతూ ఉంటుంది. ఇంజన్ తిరిగితేనే దానికి ఆయిల్ అందుతుంది. ఆపేస్తే ఆయిల్ అక్కడే నిలిచి మాడిపోతుంది. గిన్నె అడుగున చక్కెర మాడి పట్టినట్టు గట్టిగా పడుతుంది. అట్లా కొన్నాళ్లయితే టర్బో పాడవుతుంది. అందుకే రెండు మూడు నిమిషాలు ఇంజన్ ఊరికే తిరగనివ్వాలి. తర్వాత ఆపాలి. అంతకంటే ఎక్కువ అవసరం లేదు. ఊరికే గంట సేపు తిప్పితే డీజిల్ దండగ.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లు బి.ఎస్. 6 రకం. ఈ డీజిల్ బండ్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఆ మసిని బండి తనంతట తాను కాల్చుకుంటుంది. అప్పుడు అక్కడ వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. కాబట్టి ఎండుగడ్డి మీద, చెత్త మీద ఆ బండి ఆపొద్దు. మసి జల్లెడ దీపం వెలిగితే దాటవేయొద్దు. కంపెనీ పుస్తకంలో ఏం చేయమన్నారో చదివి అట్లాగే చేయండి. ఆ పుస్తకం చదవడం ఇప్పుడు మీకు వచ్చు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కునైనా చదవండి.

ఆ పొగ ఎవరి ఊపిరిలోకి?

ఇప్పటిదాకా ఇంజన్ గురించి చెప్పాను. ఇప్పుడు మన గురించి.

ఈ చౌరస్తాలో బండి మీద పండ్లు అమ్మే అమ్మలు ఉన్నారు. పొద్దున నుంచి రాత్రి దాకా రోడ్డు అంచునే ఉంటారు. సైలెన్సర్ ఎత్తు ఎంత? మన చంటిపిల్లల మొహం ఎత్తు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒక మాట తేల్చి చెప్పింది. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని చెప్పింది. కాబట్టి నల్లపొగ బండి వెనక నిలబడకండి. పిల్లలను అసలే నిలబెట్టకండి. ఇంజన్ చల్లబడటానికి తిప్పే రెండు మూడు నిమిషాలు కూడా జనం మధ్య కాకుండా ఖాళీ చోట తిప్పమనండి.

ఇంజనుకు మేలు చేసే పని మన ఊపిరికీ మేలు చేస్తుంది. గాలి సరిగా అందిన బండి నల్లపొగ కక్కదు.

ఇక ఆ అక్క ప్రశ్నకు జవాబు

అక్కా, నువ్వు అడిగావు, నల్లపొగకు ఏం కాదా అని. తొక్కిన క్షణంలో కాస్త పొగ వచ్చి పోతే, పాత బండికి అది మామూలే కావచ్చు. ఫ్లైఓవర్ ఎక్కినంత సేపూ నల్లగా వస్తే మామూలు కాదు. ఖాళీ బండే అట్లా కక్కితే, జనరేటర్ కట్టాక ఏమవుతుంది? అప్పు కాగితం మీద సంతకం పెట్టకముందే ఎయిర్ ఫిల్టర్ విప్పించండి. గొట్టాలు చూపించండి. పంపు పెంచారేమో అడగండి. అమ్మేవాడి మెకానిక్ కాకుండా మీ మెకానిక్‌ను పట్టుకుపోండి. నీలంగా పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అర్థం. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తే అది కూడా మంచిది కాదు. బాగు చేసి మళ్లీ ఎక్కించి చూపమనండి. చూపకపోతే వద్దనండి. బండ్లు ఇంకా దొరుకుతాయి.

మా చిన్నమ్మ ఇప్పుడు ఏం చేస్తుందో చెబుతాను. ఆమె మూడేళ్ల కింద చదువు నేర్చుకుంది. గాజులు విడిపించుకోవడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు వాళ్లకు వేరే బండి ఉంది. చిన్నాయనే నడుపుతాడు. క్యాబిన్‌లో ఆమె దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉంటుంది. ఫిల్టర్ ఏ తారీఖున మార్చారో అందులో రాస్తుంది. ఎంత బరువు ఎక్కించారో రాస్తుంది. అద్దంలో నల్లగా కనిపిస్తే "కాలు తియ్" అంటుంది. మొదట్లో చిన్నాయన గొణిగేవాడు. ఇప్పుడు తానే అడుగుతాడు, "ఎనకాల ఎట్లున్నది సూడు" అని.

మనం కూడా పుస్తకాలు తీద్దాం. నేను ఒక్కో మాట చెబుతాను. మీరు రాయండి.

డీజిల్ పెరిగితే వేడి. గాలి పెరిగితే చల్లన.
ఫిల్టర్ శుభ్రం, టైర్లలో గాలి.
ఎత్తు వస్తే చిన్న గేరు.
నల్లపొగ వస్తే కాలు తీయాలి.
ఎక్కాక రెండు మూడు నిమిషాలు ఆగి ఇంజన్ ఆపాలి.
అప్పులో సంతకం ఉంటే మాటలో కూడా ధైర్యం ఉండాలి.

రాశారా? ఇప్పుడు ఒకరి పుస్తకం ఒకరు తీసుకుని చదవండి. తప్పులు ఉంటే దిద్దుకుందాం.

ఇంటికి పోయి ఈ మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకురండి.

1. ఒకటే మంట మీద గ్లాసెడు నీళ్లు ఎందుకు ఎక్కువ వేడెక్కుతాయి? ఇంజన్‌లో ఆ నీళ్ల లాంటిది ఏది?

2. ఒక బండి నిండు బరువు 2,700 కిలోలు. ఖాళీ బరువు 1,650 కిలోలు. మనుషులతో కలిపి ఎంత ఎక్కించవచ్చు?

3. మా చిన్నమ్మ ఆ రోజు పొగ చూసి కూడా ఎందుకు మాట్లాడలేదు? మీరైతే ఏమని చెప్పేవారు?

మూడో ప్రశ్నకు జవాబు పుస్తకంలో రాయండి. ఇంట్లో కూడా చెప్పండి.

సెలవు. గడియారం చూడండి. టైమెంతైందో చెప్పి లేవండి.